1:2:1 దగ్గరే ఆగిపోతే ఎలా?

బైపీసీలో రెండు అధ్యాయాలను మీరెలా చదువుతున్నారో ఒకసారి గుర్తుతెచ్చుకోండి. మెండెల్ సూత్రాలకు భిన్నమైన అనువంశికత అనగానే 1:2:1 నిష్పత్తి, ఏబీఓ రక్తవర్గాలు. జీవవైవిధ్యం అనగానే హాట్‌స్పాట్ల సంఖ్య, జాతుల లెక్కలు. ఒకటి జన్యుశాస్త్రంలో ఉంటుంది, రెండోది ఎక్కడో ఆవరణశాస్త్రం చివర్లో. నీట్‌లో 180 ప్రశ్నలకు 90 జీవశాస్త్రానివే కాబట్టి మీరు బిట్లు బట్టీ పట్టడాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ రెండు పాఠాలూ ఒకే పొలంలో కలుస్తాయని మీకెవరూ చెప్పకపోవడం మాత్రం అన్యాయమే.

ముందు ఒక అపోహ. ఎరుపు, తెలుపు పూల మొక్కల్ని సంకరణం చేస్తే గులాబీ రంగు వచ్చింది కాబట్టి 'ఇక్కడ మెండెల్ ఓడిపోయాడు' అన్నట్టు మాట్లాడుతుంటారు. ఓడిపోలేదు. రెండో తరంలో ఎరుపు, తెలుపు మళ్లీ విడిగా బయటపడుతున్నాయి కదా! జన్యువులు విడిపోవడం మామూలుగానే జరిగింది, మారింది బహిర్గతత్వం ఒక్కటే. రక్తవర్గాల సంగతీ అంతే.

అసలు తేడా తెలియాలంటే చంద్రకాంత మొక్కలో పువ్వుని వదిలి ఆకుని చూడాలి. మరుగునపడిన మెండెల్ పనిని 1900లో వెలుగులోకి తెచ్చినవారిలో ఒకరైన జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్, 1909లో ఈ మొక్కలోనే ఓ వింత గమనించాడు. ఒకే మొక్కకు పచ్చ కొమ్మ, తెల్ల కొమ్మ, మచ్చల కొమ్మ ఉన్నాయి. పచ్చ కొమ్మ పువ్వుకు ఏ కొమ్మ పుప్పొడి అద్దినా పిల్లలన్నీ పచ్చవే. తెల్ల కొమ్మ పువ్వుకు ఏది అద్దినా అన్నీ తెల్లవే, ఆకుపచ్చ లేక చచ్చిపోయేవే. మచ్చల కొమ్మ పువ్వు నుంచి మూడు రకాలూ వచ్చాయి. తండ్రి ప్రమేయం లేదు, 3:1 లేదు, 1:2:1 లేదు. ఎందుకంటే హరితరేణువులకు సొంత డీఎన్ఏ ఉంటుంది. ఈ మొక్కలో అవి అండకణంలోని కణద్రవ్యంతో వస్తాయి కానీ పుప్పొడితో రావు. మైటోకాండ్రియా కూడా సాధారణంగా తల్లి నుంచే వస్తాయి.

'సరే, ఇది ఒక మార్కు ప్రశ్న' అని పేజీ తిప్పేయకండి. ఇదే సూత్రం 1970లో అమెరికా రైతుల్ని నిలువునా ముంచింది.

మొక్కజొన్నలో హైబ్రిడ్ విత్తనం తీయాలంటే ఆడ వరసల్లోని మగపూల జల్లును చేత్తో తెంపేయాలి. వేల ఎకరాల్లో ఎంత కూలీ అవుతుందో ఊహించుకోండి. టెక్సస్‌లో ఒక మొక్కజొన్న వంశం దొరికింది. దాని మైటోకాండ్రియాలో ఉన్న లోపం వల్ల పనికొచ్చే పుప్పొడి తయారవదు. తల్లి నుంచి వచ్చే లక్షణం కాబట్టి పిల్లలకూ అంతే. తండ్రి వంశం నుంచి ఒక పునరుద్ధారక జన్యువును తెస్తే రైతు పొలంలో గింజ మామూలుగానే కడుతుంది. జల్లు తెంపే పని తప్పింది. కంపెనీలన్నీ అదే తల్లిని వాడాయి. 1970 నాటికి అమెరికా హైబ్రిడ్ మొక్కజొన్నలో దాదాపు 85 శాతం ఆ ఒక్క కణద్రవ్యంతోనే ఉంది. ఆ ఏడాది ఆకుమాడు తెగులు శిలీంధ్రంలో ఒక కొత్త తెగ విజృంభించింది. దాని విషం సరిగ్గా ఆ మైటోకాండ్రియానే దెబ్బతీసింది. దేశం మొత్తం మీద సుమారు 15 శాతం పంట పోయింది. పుప్పొడిని ఆపిన జన్యువూ, విషానికి తలుపు తీసిన జన్యువూ ఒక్కటేనని తర్వాత తేలింది.

బ్రాండ్లు వేరు, సంచులు వేరు, కేంద్రకంలోని జన్యువులూ వేరే. తల్లి మాత్రం ఒక్కరే. జీవవైవిధ్యమంటే పులులు, పక్షుల జాబితా మాత్రమే అనుకునేవాళ్లకు ఈ లోటు కనపడదు. జన్యు వైవిధ్యం, జాతుల వైవిధ్యం, ఆవరణ వ్యవస్థల వైవిధ్యం అని మూడు స్థాయిలు మనం రాస్తాం. కానీ మొదటిది కేంద్రకం బయట కూడా ఉంటుందని ఎందరు ఆలోచిస్తారు?

ఇది మనకు దూరపు కథ కాదు. కరీంనగర్, వరంగల్ వైపు హైబ్రిడ్ వరి విత్తన పొలాలు చూసినవాళ్లకు ఆడ వరసలు, మగ వరసలు, పూత సమయంలో పుప్పొడి రాలేలా తాడు లాగడం తెలిసే ఉంటాయి. ఆ ఆడ వరస కూడా కణద్రవ్యం వల్ల పుప్పొడి లేనిదే. ఎక్కువగా వాడే ఆ కణద్రవ్యం 1970లో చైనాలోని హైనాన్ దీవిలో దొరికిన ఒక అడవి వరి మొక్క నుంచి వచ్చింది. ఆ మొక్క ఉన్న చిత్తడి నేలను అప్పటికే పూడ్చేసి ఉంటే? వరిలో మొక్కజొన్న లాంటి విపత్తు రాలేదు. అయినా ఒకే తల్లి మీద ఇంతగా ఆధారపడటం నాకు మంచి లక్షణంగా కనిపించడం లేదు. వేరే కణద్రవ్యాల కోసం వెతుకుతున్న శాస్త్రవేత్తల భయం కూడా ఇదే.

ఎంబీబీఎస్ సీటు రాకపోతే జీవశాస్త్రం చదివిందంతా వృథా అనుకునేవాళ్లు ఈ వైపు చూడండి. ఈఏపీసెట్ ర్యాంకుతో వ్యవసాయ బీఎస్సీ, తర్వాత ఎమ్మెస్సీలో జన్యుశాస్త్రం, ప్లాంట్ బ్రీడింగ్. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ ఉంది. అలాంటి చోట్ల కొత్త వంగడం గురించి అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, 'దీని తల్లి ఏది?'