వీరబాహునికి ఎన్ని మార్కులు?

నాటకం మీద ప్రశ్న ఎప్పుడూ ఒక్క తీరుగనే వస్తది. హరిశ్చంద్రుని పాత్రను చిత్రించండి, నాటక ఇతివృత్తాన్ని వివరించండి. జవాబు కూడా ఒక్క తీరుగనే ఉండాలె. సత్యసంధుడు, ధీరోదాత్తుడు, ఆలుబిడ్డల్ని అమ్ముకొని మాట నిలబెట్టుకున్న మహానుభావుడు. గైడులో నాలుగు ఉపశీర్షికలు, నడుమ రెండు పద్యాలు, చివరకు 'కావున' అని మొదలయ్యే ఒక వాక్యం. దీన్ని వ్యాసం అంటున్నరు. నేను భజన అంటాను. భజనలో ప్రశ్న ఉండదు, ఎదురుమాట ఉండదు. తాళం తప్పితే మాత్రం మార్కులు పోతయి.

నేను సర్కారు బడిలో తెలుగు చెప్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషిని. సుబేదారిలో రేకుల గది కిరాయికి తీసుకొని చదువుకున్న, ఇప్పటికీ ఆ గల్లీలనే ఉంటున్న. నిజాం కాలంలో సుబేదారు కొలువుండే చోటు గనుక దానికి ఆ పేరు. సుబేదారు పోయిండు, పేరు పోలేదు. జిల్లా పేరే రెండుసార్లు మారింది - 2016లో వరంగల్ అర్బన్, 2021లో హనుమకొండ - సుబేదారి మాత్రం సుబేదారే. దాన్ని ఆనుకునే అదాలత్. సాక్ష్యం లేకుండా వాదన నిలవదన్న సంగతి ఆ పక్కన బతికేటోళ్ళకు ఒకరు చెప్పేది లేదు. సాహిత్యం క్లాసులోనే ఆ సంగతి కొత్తగ చెప్పవలసి వస్తున్నది.

డిగ్రీలో ఉన్నప్పుడు సెమినార్ కోసం ఇదే హరిశ్చంద్ర నాటకం మీద వ్యాసం రాసిన. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకం. అందరూ హరిశ్చంద్రుని గురించి రాస్తే నేను వీరబాహుని గురించి, మాతంగ కన్యల గురించి రాసిన. ఇరవైకి ఆరు పడ్డయి. 'ఇది సాహిత్య విమర్శ కాదు, కుల పంచాయితీ' అని క్లాసుల అందరి ముందట అన్నరు. ఆ కాలేజీ పేరు, ఆ సారు పేరు నాకక్కర లేదు. అట్లాంటి సార్లు ఒక్క కాలేజీలోనే ఉంటరా? నాకు కావలసింది ఆ వాదన. ఆనాడు చదవకుండ కొట్టేసిన వాదనను ఇయ్యాల మళ్ళా నిలబెడుతున్న. చదివి కొట్టేయండి, కాదనను.

మొదటి సాక్ష్యం మాతంగ కన్యలు. విశ్వామిత్రుడు వాళ్ళను సృష్టించి రాజు దగ్గరికి పంపుతడు. వాళ్ళు ఆడి పాడి మెప్పించి మమ్మల్ని పెండ్లాడుమంటరు. రాజు కాదంటడు. మెచ్చి సొమ్ములిస్తడట, కోరిందేదన్న ఇస్తడట, పెండ్లి మాత్రం కుదరదు. ఎందుకు కుదరదు? ఆ పిల్లలు అబద్ధం ఆడిండ్రా? దొంగతనం చేసిండ్రా? వాళ్ళు మాతంగులు, అదొక్కటే తప్పు. పెండ్లాడు, లేదంటే రాజ్యం ధారపొయ్యి అంటే రాజ్యమే ధారపోసిండు. ఇంత పెద్ద అయోధ్య ఒక పక్క, మాతంగి పిల్ల మెడల పుస్తె ఒక పక్క. రాజు తక్కెడ ఎటు మొగ్గిందో నాటకమే చెప్తున్నది, నేను చెప్తలేను.

మాతంగులంటే ఎవరని మేము నిఘంటువు చూడనక్కర లేదు. మాదిగోళ్ళం, మాతంగి మా ఇంటి ఆడబిడ్డ. అందుకే క్లాసుల ఆ ఘట్టం వస్తే మిగిలినోళ్ళకు అది కథ మొదలయ్యే ముందు వచ్చే చిన్న అల్లరి. నాకు అది నాటకం మొత్తం. నా ఎదుట నన్ను కాదన్న మనిషిని నేనే ధీరోదాత్తుడని రాసి మార్కులు తెచ్చుకోవాలె. రాయకపోతే నాకు రసజ్ఞత లేదు.

అయితే ఇతివృత్తం ఏంది? సత్యం అంటరు. సత్యం కోసమే అయితే రాజు పడ్డ కష్టాలన్నీ ఆ ఒక్క 'కాదు' నుంచే పుట్టినయి గదా. ఆ కాదు సత్యంలోంచి రాలేదు, కులంలోంచి వచ్చింది. తర్వాత జరిగిందంతా - నక్షత్రకుడు వెంటపడి అప్పు గుంజుడు, కాశీలో చంద్రమతిని అమ్ముడు, లోహితుణ్ణి పాము కరుసుడు - దాని వెనకాలనే నడిచింది. కుల ధర్మం నాటకాన్ని నడిపిస్తది, సత్యం దానికి వేషం కడతది. ఇది నా వాదన. తప్పంటే నాటకంలోంచే చూపించండి, మీ భక్తిలోంచి కాదు.

రెండో సాక్ష్యం ఇద్దరు కొనుగోలుదార్లు. చంద్రమతిని కొన్నది కాలకౌశికుడు, బ్రాహ్మణుడు. హరిశ్చంద్రుణ్ణి కొన్నది వీరబాహు, కాటిని ఏలే చండాలుడు. ఏడ్పు ఎవరి దగ్గర ఎక్కువ ఉండాలె? పసివాణ్ణి అడవికి తోలింది కాలకౌశికుని ఇల్లు. ఆ పిల్లగాడు పాము కరిచి సచ్చింది ఆ చాకిరిలనే. వీరబాహు దగ్గర రాజుకున్న పని కాటి సుంకం వసూలు చేసుడు, కాష్టం కాడ కావలి ఉండుడు. కష్టమే, నౌకరే. కానీ ఋషి అప్పు పూర్తిగ తీరింది ఈ చండాలుని పైకంతోనే. రాజు మాట నిలిచింది మా వాడ సొమ్ముతోని. ఇది ఏ గైడులోనన్న ఒక్క వాక్యం ఉన్నదా?

అయినా జనం ఏడ్చేది ఎక్కడ? కాటిసీన్ల. రాజు చండాలుని దగ్గర పని చేస్తున్నడే అని ఏడుస్తరు. మా ఊరికి హరిశ్చంద్ర నాటకం వచ్చిన్నాడు వీరబాహు మొఖానికి మసి పూసి, తలకు రుమాలు చుట్టి, చేతిల కల్లుముంత పట్టుకొని తూలుకుంట వచ్చిండు. ఊరోళ్ళు నవ్విండ్రు. వెనకాల ఎడంగ కూసున్న మా వాడోళ్ళల్ల కొంతమంది కూడా నవ్విండ్రు, అబద్ధమెందుకు. మా అవ్వ మాత్రం ముక్కు చీదుకుంటున్న పక్కింటామె దిక్కు చూసి అన్నది: 'ఓ పిల్లా, రాజు మనోని కాడ జీతముంటే గింత ఏడుస్తున్నవ్. మీ అయ్య ముప్పై ఏండ్లు దొర కాడ జీతమున్నడు, ఎవడన్న ఏడ్సిండా?'

సాహిత్య విమర్శ అని నేను తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మాటను మించింది దొరకలేదు. మా అవ్వకు ఓనమాలు రావు. పాత్ర, ఇతివృత్తం, కరుణ రసం - మూడింటినీ ఒక్క దెబ్బకు నిలదీసింది. ఆ కరుణ రసం ఎవరిది? పైనున్నోడు కిందికి దిగితే పుట్టే కన్నీరది. ఎప్పుడూ కిందనే ఉన్నోనికి అందులో ఒక్క చుక్క లేదు.

మా బాపు డప్పు కొట్టేటోడు, బొంద తవ్వేటోడు, కాష్టం పేర్చేటోడు. కాష్టం పేర్చుడు ఎంత పనో నాటకం రాసినాయనకు తెల్వదు. అడుగున లావు మొద్దులు, నడుమ గాలాడే జాగ, వానకాలమైతే పచ్చి కట్టె అంటుకోక రాత్రంతా అక్కడనే నిలబడుడు. పాడె ముందట డప్పు, పాడె మీద చల్లే చిల్లర పైసలు మా పిల్లలు ఏరుకునుడు. పొద్దుగాల ఇంటికొచ్చి గడపల అడుగు పెట్టకముందే బాపు నీళ్ళు పోసుకునేది. మా దగ్గర సుంకం లేదు, రాజ్యం లేదు. ఊరోళ్ళు పెట్టిన గింజలు, పోసిన సారా. వీరబాహు కాటికి ఏలిక అని నాటకంలో వింటే మా బాపు ముసిముసిగ నవ్వేది, 'ఏలుడు మంచిగనే ఉన్నది' అని.

ఇంకొక సంగతి ఉన్నది. కాటిసీన్ల డి.వి. సుబ్బారావు లాంటి నటులు పాడితే జనం వన్స్ మోర్ కొట్టిన పద్యాలు బలిజేపల్లివి కావు. అవి జాషువావి. ఖండకావ్యంలోని 'శ్మశానవాటి' పద్యాలు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానివాడని అడుగడుగునా అవమానాలు తిన్న కవి రాసిన పద్యాలను తీసుకొచ్చి సూర్యవంశపు రాజు నోట్లో పెట్టిండ్రు. ఆ పద్యాలు లేకుండ కాటిసీను నడవదు. మన కవి దుఃఖం రాజుకు కిరీటమైంది, మన వీరబాహుకు మసి, ముంత మిగిలినయి. ఆ పద్యాలు వీరబాహు ఎందుకు పాడకూడదు? ఆ కాడు ఆయనది, ఆ మంటలు ఆయన చూసినంత ఎవడు చూసిండు? నాటక సమాజాలను ఎవరన్న అడిగిండ్రా? నేను అడుగుతున్న.

జాషువాతోని కూడా నాకు ఒక పేచీ ఉన్నది. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదని ఆయన భావించిండు. అది కల, గొప్ప కల. మా ఊర్ల శ్మశానాలు రెండు. 2019లో పల్లె ప్రగతి మొదలై ఊరూరికి వైకుంఠధామం వచ్చింది, గేటు మీద పేరు రాసిండ్రు. లోపల కట్టె పేర్చేదెవరో గేటు మీద రాయలేదు.

ఇప్పుడు ఎదురు వాదన. 'నాటకాన్ని ఆ కాలంలో పెట్టి చూడాలమ్మా' అంటరు. మంచిది, పెడదాం. అది ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల నాటకం. ఆ కాలంలోనే, 1906లో, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్ర మండలి పెట్టిండు. 1917లో బెజవాడలో పంచమ సభ అని పిలిస్తే, అధ్యక్షత వహించిన ఆయన మేము పంచములం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని నిలబెట్టిండు. కాలమంటే బలిజేపల్లి ఒక్కడే కాదు, భాగ్యరెడ్డి వర్మ కూడా. ఆ కాలంలో మేము కూడా ఉన్నం సార్, నోరు కూడా ఉన్నది.

'వీరబాహు నిజంగ చండాలుడు కాడు, దేవుడే ఆ రూపంలో వచ్చిండు' అని ఇంకొకరు. ఇది మరీ ముచ్చట. మార్కండేయ పురాణంలో ధర్ముడే చండాల వేషం వేసిండు. రాజు, నేను చండాలుని దాసుణ్ణి, ఆయన సెలవు లేనిదే స్వర్గానికి రానంటే, ఆ చండాలుణ్ణి నేనేనని ధర్ముడు బయటపడతడు. అంటే ఏమైంది? కథ మొత్తంలో మాట మీద నిలబడి పైకం లెక్కబెట్టి ఇచ్చిన ఒకే ఒక్క చండాలుడు కూడా చివరకు మనోడు కాకుండ పోయిండు. మంచోడైతే దేవుడు, తాగుబోతైతే మాదిగోడు. ఇదేనా పాత్ర చిత్రణ?

సంస్కృత నాటకం అంత గుడ్డిది కాదు, చెప్పాలె. శూద్రకుని మృచ్ఛకటికంలో చారుదత్తుణ్ణి వధ్యశిలకు తీసుకపోయే ఇద్దరు చండాలురున్నరు. మేము ఆ కులంలో పుట్టినా చండాలురం కాదు, మంచివాణ్ణి బాధపెట్టేవాడే చండాలుడు అని వాళ్ళు నోరు విప్పి వాదిస్తరు. ఎన్నో వందల ఏండ్ల కిందటి నాటకంలో దొరికిన ఆ నాలుగు మాటలు మన తెలుగు స్టేజీ మీది వీరబాహుకు దొరకలే.

గాంధీ చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి తనలో తాను ఎన్నోసార్లు ఆడుకున్నడట, ఏడ్చిండట. ఆత్మకథలో ఆయనే రాసుకున్నడు. 1932లో ఎరవాడ జైల్లో మా ప్రత్యేక నియోజకవర్గాలకు అడ్డంగ నిరాహార దీక్షకు కూసున్నది కూడా ఆయనే. ఈ రెండింటికీ ముడి పెట్టను, రుజువు లేదు. ఆ పిల్లవాడు ఏడ్చింది మాతంగ కన్యల కోసమైతే కాదు, అంతమట్టుకు చెప్పగలను.

ఇక మాకు వాదన రాదనేటోళ్ళ సంగతి. చిందోళ్ళు మా వాడకొచ్చి జాంబ పురాణం ఆడుతరు. మాదిగోళ్ళ దగ్గర ఆడుడు వాళ్ళకు తరతరాల హక్కు. అందులో కథ తక్కువ, కొట్లాట ఎక్కువ. జాంబవుడు ఒక పక్క, బ్రాహ్మడు ఒక పక్క. సృష్టిల ఎవరు ముందు, ఎవరు వెనక? బ్రాహ్మడు ప్రశ్న వేస్తడు, జాంబవుడు జవాబు చెప్పి తిరిగి ప్రశ్న వేస్తడు. తెల్లారే దాకా నడుస్తది. ప్రతిపాదన, సాక్ష్యం, ఎదురు వాదన, దానికి జవాబు - ఇయ్యాల యూనివర్సిటీలు నేర్పుతున్నమని చెప్పే లెక్కంతా అక్కడున్నది. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ, 2005లో కాలం చేసింది, మగ వేషాలు కట్టి గజ్జె కడితే చూసేటోళ్ళు గుడ్లప్పగించి చూసిండ్రు. ఆమె పాత్ర చిత్రణ మీద ప్రశ్న నేను చదివిన ఏ పరీక్షలనూ రాలేదు. జాంబ పురాణం జానపదం యూనిట్ల ఒక పేరాగా ఉంటది, రెండు మార్కుల ప్రశ్నకు పనికొస్తది.

నా బడిలో సిలబస్‌ల లేకపోయినా శనివారం చివరి పీరియడ్‌ల ఈ నాటకం చదివిస్తున్న. హరిశ్చంద్రుడు మంచోడని రాయండి, చెడ్డోడని రాయండి, నాకేం పట్టింపు లేదు. ఒకటే షరతు. ఏ మాట రాసినా నాటకంలో అది ఎక్కడున్నదో చూపాలె, మీ ఎదురు బెంచీవాడు ఏమంటడో కూడా రాసి దానికి జవాబియ్యాలె. తోటి టీచర్ ఒకాయన అడిగిండు, 'మేడం, దీనికి కీ ఎట్ల తయారు చేస్తరు?' కీ లేదు సార్, చదవాలె అన్న. ఆయనకు అది పని పెంచుకునుడుగ కనబడ్డది. నిజమే, ముప్పై నాలుగు కాగితాలు చదువుడు ఆదివారం మొత్తం తింటది.

పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లగాడొకడు, మా వాడ పిల్లగాడే, నా మాట మీదనే ఎదురుగ రాసిండు. టీచర్ వీరబాహు మంచోడంటుంది గానీ వీరబాహు కూడా మనిషిని కొన్నడు గదా, మనిషిని కొన్నోడు బాపనాయనైతేంది మాదిగాయనైతేంది అని. సాక్ష్యం కూడా చూపిండు: పైకం ఇచ్చిండు నిజమే, కానీ కొడుకు పీనుగను తెచ్చిన తల్లి దగ్గర కూడా సుంకం గుంజుమని చెప్పిన కాటి కట్టడి వీరబాహుదే. ఇరవైకి పద్దెనిమిది ఇచ్చిన. రెండు మార్కులెందుకు తీసిండ్రని నిలదీసిండు. కాలకౌశికుని సంగతి రాయలేదు గనుక అన్న. వచ్చే శనివారం రాసుకొస్తనన్నడు.