నరానికి పోస్తే ఒకటి.. మోకాలికి ఆపితే మరొకటి!

ఒకే ఇంట్లో నాన్నకు మధుమేహం, రాత్రయితే అరికాళ్ల మంటలు. అమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. డాక్టరు దగ్గర ఇద్దరిదీ ఒకటే ప్రశ్న... 'కొత్త మందేమైనా వచ్చిందా?' అని. విచిత్రమేమిటంటే ఈ రెండు బాధలకూ మందు వెతుకుతూ వెళ్లిన శాస్త్రవేత్తలు ఒకే ప్రొటీను దగ్గర తేలారు. దాని పేరు నర్వ్‌ గ్రోత్‌ ఫ్యాక్టర్‌, పొట్టిగా ఎన్‌జీఎఫ్‌. నరాల జబ్బుకు దాన్ని ఎక్కించి చూశారు. మోకాళ్లకేమో దాన్ని అడ్డుకుని చూశారు!

దీన్ని కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చీనీది ఇటలీ. యూదులపై ముస్సోలినీ పెట్టిన ఆంక్షల వల్ల యూనివర్సిటీకి దూరమై, టూరిన్‌లోని ఇంట్లో పడగ్గదినే ప్రయోగశాలగా మార్చుకున్నారామె. కోడిగుడ్లలోని పిండాల్లో నరాలు ఎలా పెరుగుతాయో అక్కడే పరిశీలించారు. యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి, స్టాన్లీ కోహెన్‌తో కలిసి చేసిన కృషికి 1986లో నోబెల్‌ వచ్చింది.

నరాలను పెంచే పదార్థం దొరికిందంటే మధుమేహులకు ఆశ కలగదా మరి. 250 మందితో చేసిన పరీక్ష ఆ ఆశను పెంచింది కూడా. తర్వాత 1019 మందితో 48 వారాలపాటు పెద్ద పరీక్ష నడిపారు. ఫలితాలు 2000లో వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షను తీసుకున్నవారికీ, అసలు మందు తీసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా సూది గుచ్చిన చోట నొప్పి! ఆ ప్రొటీను చివరికి పనికొచ్చింది కంటికి. కనుపాప మీది పొరలో నరాలు దెబ్బతిని పుండు పడేవారికి, దాంతో చేసిన చుక్కల మందును అమెరికా 2018లో అనుమతించింది.

ఇక సూది గుచ్చిన చోట పుట్టిన ఆ నొప్పి సంగతి. పెద్దవాళ్ల ఒంట్లో ఎన్‌జీఎఫ్‌ నొప్పిని మోసే నరాలను రెచ్చగొడుతుంది. అరిగిన కీళ్లలో అది ఎక్కువగా తయారవుతుంది. అయితే దాన్ని పట్టి ఆపేస్తే? అలా తయారైందే టానెజుమాబ్‌ ఇంజెక్షను. 2010లో వెలువడిన పరీక్షలో, నడిచేటప్పుడు మోకాలి నొప్పి మోతాదును బట్టి 45 నుంచి 62 శాతం తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షనుతో 22 శాతమే. డాక్టర్లు సంబరపడ్డారు. కానీ మందు వాడినవారిలో కొందరికి కీళ్లు మామూలుకన్నా చాలా వేగంగా పాడైపోయాయి. కీలు మార్చాల్సిన పరిస్థితీ వచ్చింది. 2021 మార్చిలో అమెరికా నిపుణుల సంఘం 19-1 ఓట్లతో దాన్ని కాదంది. ఆ ఏడాదే కంపెనీ కూడా చేతులెత్తేసింది.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ స్ప్రిఫెర్మిన్‌ది. ఇది మోకాట్లో మృదులాస్థిని పెంచే మందు. 549 మందితో చేసిన పరీక్ష వివరాలు 2019లో వచ్చాయి. రెండేళ్లలో ఎక్కువ మోతాదును ఆర్నెల్లకోసారి తీసుకున్నవారికి మృదులాస్థి 0.03 మిల్లీమీటర్లు మందమైంది. ఉత్తుత్తి మందు వారికి 0.02 తగ్గింది. స్కానింగులో కంటికి కనిపించే విజయమే. నొప్పిలో మాత్రం ఇద్దరికీ పెద్ద తేడా లేదు. మోకాలు బాగుపడటం వేరు, నొప్పి తగ్గడం వేరు అన్నమాట.

ఇన్ని వందలమందిపై పరీక్షించినవే ఇలా తేలితే, జిమ్‌ల చుట్టూ తిరుగుతున్న బీపీసీ-157 సంగతేమిటి? నరాలూ కీళ్లూ రెండూ బాగుచేస్తుందని దీనికి పేరు. ఆ పేరంతా దాదాపు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో వచ్చిందే, మనుషుల మీద జరిగినవి అతి చిన్నవి. క్రీడల డోపింగు నిరోధక సంస్థ వాడా 2022లో దీన్ని నిషేధిత జాబితాలో పెట్టింది. చాలా సీసాలమీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది. ఆ అక్షరాలు చదవకుండా మోకాట్లోకి ఎక్కించుకునేవాళ్లూ ఉన్నారు.

నాన్న అరికాళ్ల విషయంలో మరో మాట. మెట్‌ఫార్మిన్‌ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి విటమిన్‌ బీ12 తగ్గిపోతుంది. దానివల్ల కూడా కాళ్లు తిమ్మిరెక్కి మండుతాయి. చాలా ఇళ్లలో దాన్నీ షుగరు ఖాతాలోనే వేసేస్తుంటారు. ఒక్క రక్తపరీక్షతో ఆ లోపం తెలిసిపోతుంది. లోపం ఉంటే డాక్టరు రాసే మందు వీధి చివరి మెడికల్‌ షాపులోనే దొరుకుతుంది.