సముద్రం దాటిన సొమ్ము ఎవరిది?

పదో తరగతి సోషల్ పుస్తకంలో ప్రపంచీకరణ పాఠం ఉంది. విదేశీ కంపెనీలు మన దేశానికొచ్చి పెట్టుబడి పెట్టడం గురించి చెబుతుంటే వెనక బెంచీలోంచి గూడెం పిల్లాడొకడు లేచాడు. "మాస్టారూ, వాళ్ళు ఇక్కడికి రావటమేనా, మనోళ్ళు కూడా అక్కడికి పోయి కంపెనీలు పెడతారా?" అన్నాడు. పెడతారని చెప్పాం. "మరి ఆ డబ్బు ఎవరిది మాస్టారూ?" అన్నాడు. ఇంతలో గంట కొట్టారు. వాడికి క్లాసులో చెప్పలేకపోయిన జవాబు ఈ సంచికలో రాస్తున్నాం.

కూలి రేట్లు, ఇళ్ళ స్థలాలు, శ్మశానం దారి ఇన్ని ఉండగా డాలర్ల గొడవ మనకెందుకని కొందరు కార్యకర్తలు అడగొచ్చు. దేశంలో పోగైన సొమ్ము ఎటు పోతుందో, ఎవరి సంతకంతో పోతుందో తెలియకపోతే, మనకు రావాల్సింది ఎందుకు రాలేదో కూడా తెలియదు. అందుకే ఈ గొడవ మనదే.

ముందు మాట అర్థం చూద్దాం. ఇక్కడి కంపెనీ వేరే దేశంలో ఫ్యాక్టరీ పెట్టినా, అక్కడి కంపెనీని కొని పెత్తనం చేసినా దాన్ని బయటికెళ్ళే ప్రత్యక్ష పెట్టుబడి అంటారు. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1959లోనే బిర్లాలు ఇథియోపియాలో బట్టల మిల్లు పెట్టారు. 1969లో థాయ్‌లాండులో నూలు మిల్లు పెట్టారు. ఆ రోజుల్లో దేశం దగ్గర డాలర్లు తక్కువ. అందుకే 1969లో ప్రభుత్వం ఒక నియమం పెట్టింది: రొక్కం పట్టుకుపోవద్దు, ఇక్కడ తయారైన యంత్రాలనే వాటాగా పంపండి, అక్కడివాళ్ళతో కలిసి చిన్న వాటాదారుగా ఉండండి అంది. అంటే బయట పెట్టుబడి పెట్టాలన్నా ఇక్కడి యంత్రాల కార్మికుడికి పని దొరకాలన్నమాట. ఆ నియమంలో ఎన్ని లోపాలున్నా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

1991 తర్వాత తలుపులు తెరిచారు. బయటి పెట్టుబడి లోపలికి రావడానికి తెరిచిన తలుపు గురించి అందరూ మాట్లాడారు. లోపలి పెట్టుబడి బయటికి పోవడానికి తెరిచిన తలుపు గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. 1992లో 20 లక్షల డాలర్ల దాకా ఎవరినీ అడగక్కర్లేదన్నారు. 2000లో అది 5 కోట్ల డాలర్లయింది. 2004లో అసలు లెక్కే మార్చేశారు: కంపెనీ సొంత ఆస్తి విలువ ఎంతో అంత పట్టుకుపోవచ్చన్నారు. 2005లో దానికి రెండింతలు. 2007లో ముందు మూడింతలు, ఆ ఏడే నాలుగింతలు. అంటే నికరంగా 100 కోట్ల ఆస్తి ఉన్నవాడు 400 కోట్ల దాకా బయట పెట్టొచ్చు, హామీ ఉండొచ్చు. మన పల్లెలో ఎకరం చెక్క ఉన్నవాడికి ఆ ఎకరం విలువలో సగం కూడా బ్యాంకులో అప్పు పుట్టదు.

ఇక కొనుగోళ్ళు చూడండి. 2000లో టాటాలు బ్రిటన్ టీ కంపెనీ టెట్లీని 27 కోట్ల పౌండ్లకు కొన్నారు. 2007లో ఉక్కు కంపెనీ కోరస్‌ను దాదాపు 1,200 కోట్ల డాలర్లకు కొన్నారు. అదే ఏడు బిర్లాల హిందాల్కో అల్యూమినియం కంపెనీ నోవెలిస్‌ను 600 కోట్ల డాలర్లకు కొంది. 2008లో జాగ్వార్, ల్యాండ్‌రోవర్ కార్లు టాటాల చేతికొచ్చాయి. 2000లో ఏడాదికి 50 కోట్ల డాలర్ల చిల్లరగా ఉన్న ఈ ప్రవాహం 2008కి 2,000 కోట్ల డాలర్లు దాటింది. తెల్లదొర కంపెనీని మనవాడు కొన్నాడని పేపర్లు పండగ చేశాయి. సరే, ఆ 'మనవాడు'లో మనం ఉన్నామా?

కోరస్ వేలం ముగిసింది 2007 జనవరి 31న. అంతకు ఏడాది ముందు, 2006 జనవరి 2న, ఒడిశాలోని కళింగనగర్‌లో అదే టాటా స్టీల్ కొత్త ఫ్యాక్టరీకి గోడ కట్టబోతుంటే భూమి పోతుందని ఆదివాసులు అడ్డం నిలబడ్డారు. పోలీసు కాల్పుల్లో పది మందికి పైగా ఆదివాసులు చనిపోయారు. లండన్‌లో షేరుకు ఇంతని పెన్నీల దాకా బేరమాడి కొన్నవాళ్ళు కళింగనగర్‌లో పరిహారం దగ్గర ఎందుకంత బిగిసిపోయారు? ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లాడి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

కొన్నచోట కార్మికులేమయ్యారు? 2024లో బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో పాత కొలుములు రెండూ ఆర్పేశారు. అక్కడి వ్యాపారం మొత్తంలో 2,800 ఉద్యోగాల దాకా పోతాయని కంపెనీయే చెప్పింది. అక్కడి కార్మికుడు తెల్లవాడే. అతని బాధ మాత్రం మనకు కొత్తది కాదు.

ఇథియోపియా సంగతి ఇంకా ఘోరం. 2010 ప్రాంతంలో బెంగుళూరు గులాబీ పూల కంపెనీ కరుటూరి అక్కడి గాంబెలాలో లక్ష హెక్టార్లు కౌలుకు తీసుకుంది. కౌలు ఏడాదికి హెక్టారుకు డాలరు పైచిలుకు! ఆ భూమి ఖాళీ భూమి అన్నారు. అక్కడ తరతరాలుగా అన్యువాక్ జనం బతుకుతున్నారు. మన దగ్గర బంజరు అని రాసి గుంజుకున్న భూముల కథ విన్నవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? వరదలొచ్చాయి, పంట సాగలేదు, 2015 చివర ఆ ప్రభుత్వమే ఒప్పందం రద్దు చేసింది.

మన తెలుగు కంపెనీలూ ఈ దారి పట్టాయి. 2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీ మందుల కంపెనీ బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొంది. 2010లో జీఎంఆర్ మాల్దీవుల్లో మాలె విమానాశ్రయం చేపట్టింది, 2012లో అక్కడి ప్రభుత్వం వెళ్ళిపొమ్మంది. 2011లో లాంకో ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులు కొంది. 2017లో రిజర్వు బ్యాంకు దివాలా కోర్టుకు పంపమన్న 12 పెద్ద బాకీల్లో లాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. 2018లో దాన్ని అమ్మి మూసెయ్యమని ఉత్తర్వొచ్చింది. ఆ బాకీలన్నీ ఆ గనుల వల్లనే అని మేం అనటం లేదు, ఇక్కడి కరెంటు ప్లాంట్లూ ఉన్నాయి. కానీ బాకీ పడ్డ బ్యాంకుల్లో ఉన్నది జనం దాచుకున్న డబ్బే.

ఇక్కడే మా పల్లె సంగతొకటి చెప్పాలి. ఒక అక్క రెండు గేదెల కోసం ఎస్సీ కార్పొరేషన్ కాగితం పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగింది. సబ్సిడీ మంజూరైంది, బ్యాంకు వాటా రావాలి. ఒకసారి మేనేజరు మారాడన్నారు, ఒకసారి ఫీల్డాఫీసరు లేడన్నారు, ఒకసారి ష్యూరిటీ ఎవరన్నారు. మార్చి నెలాఖరయింది. సబ్సిడీ వెనక్కిపోయింది. "గేదెలు పోతే పొయ్యాయి, ఛార్జీలకి పెట్టిన కూలి డబ్బులన్నా ఎవరిస్తారు మాస్టారూ?" అంది.

బయటికి పోయే పెట్టుబడంతా చెడ్డదని మేం అనం. ప్రభుత్వ రంగ ఓఎన్‌జీసీ విదేశ్ 2001లో రష్యాలోని సఖాలిన్ చమురులో 20 శాతం వాటా కొంది. అది మన నూనె అవసరం కోసం. పైగా ప్రభుత్వ సంస్థలో మన పిల్లలకు రిజర్వేషన్ ఉంటుంది. ప్రైవేటు కంపెనీ ఎన్ని దేశాలు కొన్నా అందులో మనకు వాటా లేదు. 2004 నుంచి ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ మాట నడుస్తూనే ఉంది, చట్టం రాలేదు. పరిశ్రమల సంఘాలు మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. అదీ మాటే!

2013లో రూపాయి పడిపోతుంటే నాలుగింతల పరిమితిని ఒక్క దెబ్బతో ఒక్కింతకు తగ్గించారు. ఏడాది తిరక్కుండా 2014లో మళ్ళీ నాలుగింతలు చేశారు. అంటే పగ్గం ప్రభుత్వం చేతిలోనే ఉంది, లాగాలంటే లాగగలదు. 2022లో కొత్త నియమాలొచ్చి దారి ఇంకా సులువైంది. ఈ సొమ్ములో పెద్ద భాగం చేరే దేశాల జాబితా పైన సింగపూర్, మారిషస్, నెదర్లాండ్స్ ఉంటాయి. మారిషస్‌లో అన్ని ఫ్యాక్టరీలెక్కడివి? పన్ను తక్కువని అక్కడ ఆగి వేరే చోటికి పోయే సొమ్ము కొంత, చుట్టు తిరిగి విదేశీ పెట్టుబడి వేషంలో మళ్ళీ ఇక్కడికే వచ్చే సొమ్ము కొంత.

అందుకని మనం అడగాల్సినవి మూడున్నాయి. బయట కంపెనీలు కొనడానికి ప్రభుత్వ బ్యాంకులు ఎవరికెంత అప్పిచ్చాయో, ఎంత మునిగిందో పేర్లతో సహా ప్రకటించాలి. ఆ అప్పు తీసుకున్న కంపెనీ ఇక్కడి ఉద్యోగాల్లో మనకు వాటా ఇవ్వాలి. మూడోది మన చేతిలో పని: బ్యాంకు అప్పుల్లో బలహీన వర్గాలకు 12 శాతం అని రిజర్వు బ్యాంకు లెక్క. 2016లో స్టాండప్ ఇండియా పేరుతో ప్రతి శాఖా కనీసం ఒక్క ఎస్సీ లేక ఎస్టీకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలన్నారు. మీ మండలంలో ఏ శాఖ ఇచ్చింది? ఎవరికిచ్చింది? సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నలుగురు కలిసి వెళ్ళండి. వచ్చిన జవాబు మాకు పంపండి, రాకపోతే రాలేదని రాయండి. ఊరి పేరు, శాఖ పేరుతో వచ్చే సంచికల్లో వేస్తాం.

మా బడి పిల్లాడికి మిగతా సగం జవాబు ఆ కాగితాల్లోంచే చెప్పాలి.