సీసా మీద సంతకం

ఆధునిక వైన్ లేబుల్‌కు నూరేళ్లు నిండాయి. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో షాటో మూటన్ రోత్‌షీల్డ్ ద్రాక్షతోట బాధ్యతలు 1922లో బారన్ ఫిలిప్ చేతికి వచ్చాయి. అప్పటికి ఆయన వయసు ఇరవై. 1924లో పోస్టర్ చిత్రకారుడు జాన్ కార్లూ చేత ఆయన ఒక లేబుల్ గీయించారు. పొట్టేలు తల, వంశ చిహ్నమైన ఐదు బాణాలు, క్యూబిస్టుల పదునైన గీతలు. వ్యాపారులకు అది రుచించలేదు. ప్రయోగం కొద్దికాలానికే ఆగిపోయింది. అయినా నూరేళ్ల కథ అక్కడే మొదలుపెట్టాలి, ఆ బొమ్మ వెనక ఒక పూచీ ఉంది కనుక.

అంతకుముందు తోటవాళ్లు వైన్‌ను పీపాలకెత్తి బోర్డో వర్తకులకు పంపేవారు. సీసాల్లో నింపడం, కాగితం అంటించడం చాలావరకు వర్తకుల పని. పీపాలో ఉన్నదే సీసాలోకి వచ్చిందో, మధ్యలో మరేదైనా కలిసిందో తాగేవాడికి తెలిసే దారి లేదు. పండించినచోటే సీసాలు నింపుతామని ఫిలిప్ పట్టుబట్టారు. ‘ఇది మేం చేసినదే, మంచిచెడ్డలకు మాదే జవాబు’ అని చెప్పుకునే చోటు ఆ కాగితమే అయింది. లేబుల్ అసలు పని ఇదేనని మా నమ్మకం.

1945 లేబుల్‌ను దగ్గరగా చూస్తే ఈ మాట మరింత బోధపడుతుంది. కాగితం పైభాగాన ఆకుల అల్లిక మధ్య ‘వి’ అక్షరం, ‘విజయ వత్సరం’ అన్న మాట. గీసింది ఫిలిప్ జుల్యాన్ అనే యువ చిత్రకారుడు. బొమ్మ కింద ఆ ఏడు ఏ కొలత సీసాలు ఎన్ని నింపారో లెక్క. బారన్ భార్య ఎలిజబెత్ అదే ఏడాది రావెన్స్‌బ్రుక్ నాజీ శిబిరంలో చనిపోయారు. అంత దుఃఖం మోస్తున్న ఇంటి నుంచి ఆ విజయ చిహ్నం వచ్చింది.

ఆనాటి నుంచి దాదాపు ఏటా ఒక చిత్రకారుడు. డాలీ, మీరో, షగాల్, వార్హోల్. ప్రతిఫలం డబ్బు కాదు, వైన్ పెట్టెలే. 1973లో పికాసో కన్నుమూస్తే ఆయన చిత్రమే ఆ ఏటి లేబుల్ అయింది. బోర్డో వైన్‌ల అధికారిక వర్గీకరణలో మూటన్ మొదటి శ్రేణికి చేరిందీ ఆ ఏడే. 2009 సీసా మీద ముంబైలో పుట్టిన అనీశ్ కపూర్ ఎర్రని రంగు కనిపిస్తుంది. 1993లో బాల్తూస్ గీసిన నగ్న బాలిక బొమ్మపై అమెరికాలో అభ్యంతరాలు లేచాయి. అక్కడికి పంపిన సీసాలపై బొమ్మ చోటు ఖాళీగా వదిలారు.

2001లో ఆస్ట్రేలియా వైన్ ఎల్లో టెయిల్ కంగారూను పోలిన వాలబీ బొమ్మతో అమెరికా చేరింది. తోటల పేర్లు పలకలేనివాళ్లు కూడా జంకు లేకుండా సీసా అందుకున్నారు. అది మంచి మార్పే. దాని వెనకాలే అరలనిండా జంతువులు వచ్చిపడ్డాయి.

మా అభ్యంతరం బరువు సీసాల మీద. 750 మిల్లీలీటర్ల వైన్‌ను 400 గ్రాముల సీసా చక్కగా మోస్తుంది. కానీ 900 గ్రాముల సీసా చేతిలోకి తీసుకుంటే లోపల ఉన్నది గొప్పదనిపిస్తుంది. ఆ బరువు గాజుదే, వైన్‌ది కాదు. సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కరిగించి, సముద్రాలు దాటించి, చివరికి పారేసే గాజు అది. లోపలి వాయు పీడనాన్ని తట్టుకోవలసిన షాంపేన్ సీసానే 2010లో 900 నుంచి 835 గ్రాములకు తగ్గించారు. పొంగని వైన్‌కు అంత గాజు ఎందుకు? సగటు బరువును 2026 చివరికల్లా 420 గ్రాములకు దించాలని 2023లో కొందరు పెద్ద చిల్లర వర్తకులు ఒప్పుకున్నారు. మిగతావాళ్లూ చేరాలి.

తిరిగి లేబుల్ దగ్గరికి వస్తే, 2023 డిసెంబర్ 8 నుంచి ఐరోపా సమాఖ్యలో కొత్తగా తయారైన వైన్‌కు పదార్థాల జాబితా తప్పనిసరి. అయితే దాన్ని క్యూఆర్ కోడ్ వెనక ఉంచే వెసులుబాటు ఇచ్చారు. అలర్జీ కలిగించేవి, శక్తి విలువ మాత్రం సీసా మీదే ఉండాలి. అందమైన బొమ్మకు చోటు దొరికిన కాగితం మీద నాలుగు వరుసల నిజానికి చోటు దొరకకపోదు. ఆ జాబితానూ సీసా మీదే అచ్చువేయాలి. కొనేవారికి మా మనవి ఒకటే: ముందువైపు బొమ్మ చూశాక సీసాను వెనక్కి తిప్పండి, ఎవరు ఎక్కడ నింపారో చదివాకే డబ్బు చెల్లించండి.