ట్యాపెట్ కవర్ కింద ఏముంది?

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కాలేజీల్లో మెకానికల్ చదివేవాళ్లకి ఫైనలియర్‌లో ఒకటే టెన్షన్: రెజ్యూమెలో ప్రాజెక్టు అని ఏం రాయాలి? డబ్బులిస్తే రిపోర్టుతో సహా రెడీమేడ్‌గా చేతిలో పెట్టేవాళ్లు సిటీలో ఉన్నారు. కానీ కొన్న ప్రాజెక్టు మీద ఇంటర్వ్యూలో రెండోసారి 'ఎందుకు?' అని అడిగితే చాలు, నోట మాట రాదు. దానికంటే ఒక పాత కారు ట్యాపెట్ కవర్ బాగుచేయండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా.

పుస్తకాల్లో వాల్వ్ కవర్ అని ఉండేదాన్నే షెడ్లలో ట్యాపెట్ కవర్ అంటారు. ఆయిల్ బయటికి రాకుండా, దుమ్ము లోపలికి పోకుండా ఇంజిన్ నెత్తిన కూర్చునే మూత. మొదట దానికి అయస్కాంతం పెట్టి చూడండి. అంబాసిడర్ పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌ది ప్రెస్‌లో కొట్టిన స్టీలు రేకు. దాన్ని అద్దంలా మెరిపించినా తుప్పు పట్టక మానదు, రంగో పౌడర్ కోటింగో వేయాల్సిందే. అయస్కాంతం అంటుకోని పోత అల్యూమినియం అయితేనే పాలిష్ సంగతి.

జిడ్డు వదలడానికి కాస్టిక్ సోడా వాడొద్దు. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తుందా? అల్యూమినియాన్ని అది తినేసి హైడ్రోజన్ వదులుతుంది. కిరోసిన్, ఆ తర్వాత సబ్బు నీళ్లు చాలు. పాలిష్‌కి వాటర్ పేపర్ 240తో మొదలుపెట్టి 400, 800, 1200 దాకా వెళ్లాలి. నంబర్ మారినప్పుడల్లా రుద్దే దిశ మార్చండి. ముందు గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఓపిక లేక 240 నుంచి నేరుగా బఫింగ్ చక్రానికి వెళ్తే, గీతలు కూడా కవర్‌తో పాటే మెరుస్తాయి.

అసలు సంగతి లోపల ఉంది. చాలా కవర్లకి లోపలివైపు, గాలి గొట్టం దగ్గర, ఒక బాఫిల్ ప్లేటు ఉంటుంది. ఆయిల్ తుంపర్లు గొట్టంలోకి పోకుండా ఆపడం దాని పని. పాత రంగు తొందరగా వదలాలని శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే, ఆ ప్లేటు వెనక ఇసుక ఇరుక్కుంటుంది. కంటికి కనిపించదు. ఇంజిన్ వేడెక్కాక ఆయిల్‌తో కలిసి కిందికి దిగి, బేరింగుల్ని అరగదీస్తుంది. పైన తళతళ, లోపల ఇంజిన్‌కి చావు! బ్లాస్టింగ్ తప్పదనుకుంటే ప్లేటు విప్పించాలి. విప్పడం కుదరకపోతే ఆ కవర్‌కి బ్లాస్టింగే వద్దు.

ఇది పాత కార్ల పిచ్చోళ్ల చాదస్తం కాదు. మన మండలంలోనే, ఆదిభట్లలో టాటా బోయింగ్ ప్లాంట్ ఉంది. అపాచీ హెలికాప్టర్ బాడీలు 2018 నుంచి అక్కడ తయారవుతున్నాయి. విమాన పరిశ్రమలో లోపల మిగిలిపోయిన ఒక్క లోహపు రజను కూడా పెద్ద తప్పే. దానికో పేరుంది, ఎఫ్‌ఓడీ. దాని గురించి పీపీటీలో చదివినవాడికీ, బాఫిల్ వెనక నుంచి ఇసుక చేత్తో దులిపినవాడికీ తేడా ఇంటర్వ్యూ చేసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఒక్క కవర్‌తో ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. అడిగిన ప్రశ్నకి సొంత జవాబు మాత్రం ఉంటుంది.

ప్యాకింగ్ కూర్చునే అంచుని మాత్రం పాలిష్ చేయకండి. అది గుండ్రబడితే ఆయిల్ కారుతుంది. మందపాటి అద్దం మీద బోర్లించి, చుట్టూ ఫీలర్ గేజ్ దూర్చి చూడండి, వంకర ఎక్కడుందో తేలిపోతుంది. కారడం ఆగాలని నట్లు బలంగా బిగించడం ఇంకో తప్పు. రేకు వంగి, కార్క్ ప్యాకింగ్ నలిగి, ఇంకా ఎక్కువ కారుతుంది. బిగించాక బండిని వేడెక్కేదాకా నడిపి, ఆపి, చల్లారాక అంచు చుట్టూ తెల్ల కాగితం తిప్పండి. మరక పడితే దాన్ని ఫొటో తీసి, ఎక్కడ పడిందో, ఎందుకనుకుంటున్నారో కూడా రిపోర్టులో రాయండి.