క్రొత్త కల్పనలును, పేటెంటు హక్కును

ఒకడు తన బుద్ధిబలముచేత క్రొత్త వస్తువునో, క్రొత్త పద్ధతినో కనిపెట్టినయెడల, దానివలని లాభము కొంతకాలమువరకు వానికే చెందవలయునని ప్రభుత్వమువా రిచ్చెడు హక్కునకు పేటెంటని పేరు. మన దేశమున నీ హక్కు దరఖాస్తు దాఖలుచేసిన దినము మొదలుకొని 20 సంవత్సరములు చెల్లును. ఆ గడువు దాటినపిమ్మట ఆ కల్పన సర్వజనుల సొత్తగును. ఇది నగరములలోని వకీళ్లకును, కర్మాగారముల యజమానులకును సంబంధించిన విషయమేగాని మనకేల యని మన చదువరులలో కొందరు పుట త్రిప్పివేయుదురేమో! అట్లు చేయవలదని మా మనవి. కోహెడలోను, ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల గ్రామములలోను విత్తుచుండు పత్తి విత్తనమునందును, పసిబిడ్డకు వేయించు టీకామందునందును, పెండ్లికి కొన్న పోచంపల్లి పట్టుచీరయందును ఈ హక్కుల ప్రసక్తి కలదు.

మా యభిప్రాయమును మొదటనే తెలుపుచున్నాము. పేటెంటు తాతలనాటి పొలమువలె తరతరములకు సంక్రమించు నాస్తి కాదు. అది కనిపెట్టినవానికిని ప్రజలకును జరిగిన యొక బేరము. కనిపెట్టినవాడు తన పనిలోని మర్మమును దాచక, ఆ విద్య తెలిసిన మరియొకడు చదివి చేయగల విధమున వ్రాసి యిచ్చును. అందులకు ప్రతిఫలముగా ప్రజలు ఆ గడువు తీరువరకు వాని యనుమతి లేక దానిని చేయకుందురు. బేరమన్నపిమ్మట లెక్క యడుగుట కిరుపక్షములవారికిని అధికారము కలదు. తనదని చెప్పుకొన్నది నిజముగా తనదేనా? దాని ఫలము ప్రజలకు అందుబాటులో నున్నదా? ఈ రెండు ప్రశ్నలకును నిలువగల పేటెంటును మనము గౌరవింపవలయును. నిలువలేనిదానిని ప్రశ్నించుటకు జంకరాదు.

మనకు తూర్పున, అంత దూరము కాని పోచంపల్లి ప్రాంతపు నేతపనిని మొదట చూతము. అచ్చట దారమునకు ముడులు కట్టి రంగులద్దుటకు ముందు ఆసు పోయవలయును. అర్ధచంద్రాకారముగ నమర్చిన మేకుల చుట్టును దారమును ఇటు నటు త్రిప్పుటయే ఆ పని. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 పర్యాయము లాడవలసియుండెను. అందులకు నాలుగైదు గంటలు పట్టెడిది. ఈ చాకిరి యంతయు ఇంటి స్త్రీలదే. భుజముల నొప్పితో తల్లి లక్ష్మి పడుచున్న బాధను చూడలేక, ఆలేరు ప్రాంతమునందలి శారాజీపేట వాస్తవ్యులు చింతకింది మల్లేశముగారు, బడిచదువు చిన్నతనముననే మానినవారయ్యును, యేండ్ల తరబడి పాటుపడి 1999వ సంవత్సరమున ఆసుయంత్రమును సిద్ధపరచిరి. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రమనిరి. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. ఆ యంత్రమునకు పేటెంటు లభించెను. 2017లో భారత ప్రభుత్వమువారు వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. మేకులు పాతవే, దారము పాతదే, ఆసు పాతదే. వాని నడుమ ఆడవలసిన చేతికి బదులుగా ఆడు యంత్రము మాత్రము వారిదే. అది చేరిన ఇంట స్త్రీల భుజములకు విశ్రాంతి కలిగినది. మా రెండు ప్రశ్నలకును ఇంతకంటె చక్కని జవాబేమి కావలయును?

యంత్రము పనిచేయు తీరునకు పేటెంటున్నట్లే, వస్తువుల క్రొత్త రూపమునకును, అలంకారమునకును వేరొక రక్షణ కలదు. 2000వ సంవత్సరపు డిజైనుల చట్టముక్రింద అట్టి రూపమును నమోదు చేయించుకొన్నవారికి 10 సంవత్సరములును, కోరినచో మరి 5 సంవత్సరములును హక్కుండును. అయితే పోచంపల్లి చీరమీది నమూనాలు ఏ యొక్కరివియు కావు. అవి ఊళ్లకు ఊళ్లు కలిసి కాపాడుకొన్న విద్య. అందువలననే 2005లో పోచంపల్లి ఇకత్తునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను మిల్లులలో అచ్చువేసిన బట్టను పోచంపల్లి యని అమ్మువారు లేకపోలేదు. దారమునకే రంగు వేసి నేసిన బట్టలో బొమ్మ రెండు ప్రక్కలను సమానముగ కనబడును. అచ్చుబట్టను తిరుగవేసినచో బొమ్మ వెలవెలబోవును. కొను తల్లిదండ్రులు ఈ చిన్న పరీక్ష చేసికొన్నచో, చట్టము చేయలేని మేలు నేతగానికి చేసినవారగుదురు.

తనది కానిదానిని తనదనుకొన్న పేటెంటునకు పసుపే సాక్షి. వ్రేలు తెగినప్పుడు పసుపద్దని ఇల్లు మన నాట కలదా? అయినను 1995లో, గాయములను మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు ఆ దేశమున పేటెంటు దొరకెను. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనామండలివారు దాని నెదిరించి, పూర్వగ్రంథములను, అచ్చయిన శాస్త్రవ్యాసములను చూపగా, 1997లో అది రద్దయినది. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. అవ్వలు చెప్పిన మాట మాత్రమే యుండి, వ్రాతలు లేకున్నచో ఆ వాదము గెలుచుట కష్టమైయుండెడిది. ఆ యనుభవము తరువాతనే, 2001లో, మన పూర్వుల వైద్యవిజ్ఞానమును పలు భాషలలో వ్రాసియుంచు డిజిటల్ గ్రంథాలయమును ప్రభుత్వమువారు స్థాపించిరి.

ఇక రెండవ ప్రశ్నకు, అనగా ప్రజలకు అందుబాటను విషయమునకు, మన హైదరాబాదే మంచి పాఠము చెప్పుచున్నది. హెపటైటిస్-బి యను కాలేయవ్యాధిని నివారించు టీకా ఒకప్పుడు విదేశములనుండియే వచ్చుచు, సామాన్యుడు కొనలేని వెలకు అమ్ముడుపోవుచుండెను. కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ అను సంస్థను స్థాపించిరి. ఈ పేరును వారి తల్లిపేరే. ఒక జాతి ఈస్టులో జన్యువును చేర్చి, ఆ ఈస్టుచేతనే టీకాకు కావలసిన పదార్థమును తయారుచేయించు పద్ధతిని వారి శాస్త్రజ్ఞులు సాధించి, 1997లో శాన్‌వ్యాక్-బి యను టీకాను వెలువరించిరి. వెల మిక్కిలి తగ్గినది. ఆనాటి మన చట్టప్రకారము మందునకు గాక, దానిని చేయు పద్ధతికి మాత్రమే పేటెంటుండెడిది. కనుక ఫలితమొక్కటియే యైనను క్రొత్త మార్గము వెదకువానికి ద్వారము తెరచియుండెను.

2005నుండి మందునకే పేటెంటిచ్చుచున్నారు. అయినను ప్రజలు లెక్క యడుగు నధికారమును చట్టము తీసివేయలేదు. పేటెంటు లభించి మూడేండ్లు గడచినను వస్తువు తగిన వెలకు ప్రజలకందనిచో, ఇతరులకును దానిని చేయు ననుమతి యీయవచ్చును. 2012లో బేయర్ సంస్థవారి క్యాన్సరు మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలుండగా, హైదరాబాదునందలి నాట్కో సంస్థకు ఇట్టి యనుమతి లభించి, అదే మందును నెలకు 8,800 రూపాయలకు ఇచ్చుట కేర్పాటయినది. మన దేశమున ఇట్టి యనుమతి యిచ్చుట అదియే ప్రథమము. బేరమున ప్రజలును ఒక పక్షమేయని దీనివలన తెల్లమగుచున్నది.

పత్తి సంగతి యింత సులభముగ తేలలేదు. నేలలో నుండు నొక సూక్ష్మజీవినుండి తీసిన జన్యువును పత్తిలో చేర్చి, కాయతొలుచు పురుగును తట్టుకొను బీటీ పత్తిని చేసిరి. 2002లో దానికి మన దేశమున అనుమతి లభించినది. 450 గ్రాముల పొట్లము వెల 1,850 రూపాయలవరకు నుండగా, అందులో 1,250 రూపాయలు ఆ జన్యువుకొరకు మాన్శాంటో పక్షమువారు పుచ్చుకొను రుసుము. ఆశ్చర్యమేమన, ఆ మొదటి జన్యువునకు మన దేశమున పేటెంటే లేదు. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు గుత్తవ్యాపారములను విచారించు సంఘమునెదుట ఫిర్యాదుచేసి, పొట్లము వెలను 750 రూపాయలకు దింపిరి. రెండవ రకపు జన్యువునకు 2008లో పేటెంటు వచ్చినది. దానిపై హైదరాబాదునందలి నూజివీడు సీడ్సువారికిని మాన్శాంటోవారికిని వ్యాజ్యము నడచినది. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ పేటెంటు చెల్లదనెను. 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, పూర్తి విచారణ జరుపవలయుననెను. 2021లో ఉభయులును రాజీపడిరి. విత్తనములోని జన్యువు ఒకని కల్పనయా, మొక్కలో భాగమా యను ప్రశ్న కట్లు తీర్పు లేకయే పోయినది. ఈలోపల గులాబిరంగు పురుగు ఆ జన్యువునకు అలవాటుపడి మరల కాయలు తొలుచుట మొదలిడినది. వెల పెట్టి కొన్న రైతునకు మందు చల్లు ఖర్చు తప్పలేదు. ఇట్టి ప్రశ్నలు ఉభయపక్షముల రాజీకి వదలదగినవి కావనియు, రైతు మేలు కోరి న్యాయస్థానములే తేల్చవలసినవనియు మా నమ్మకము.

ఇన్ని చిక్కులున్న పేటెంటులను సమూలముగ తీసివేయుటయే మేలని వాదించువారు కలరు. మేమట్లు తలపము. హక్కే లేనిచో, పనివాడు తన మర్మమును తనతోనే దాచుకొనును, అది వానితోనే నశించును. లేదా ధనవంతుడు దానిని చూచి చేసికొని, కనిపెట్టిన పేదవానికి పైసయైన నీయకుండును. పేదవాని బుద్ధికి విలువ కట్టు సాధనములలో పేటెంటొకటి. దానిని చక్కగ వాడుకొనుట మనము నేర్వవలయును.

కావున విద్యార్థులకొక మాట. మీరు చేసిన పనిని, తప్పిన ప్రయత్నములనుగూడ, తేదీ వేసి పుస్తకమున వ్రాసికొనుడు. నిజముగా క్రొత్తదేదైన తోచినయెడల, దానిని ప్రదర్శనములో పెట్టుటకుగాని, ఈ సంచికలోనే అచ్చువేయించుటకుగాని ముందే ఉపాధ్యాయులతో ఆలోచింపుడు. దరఖాస్తునకు ముందు బహిరంగమైన కల్పన హక్కును కోల్పోవు ప్రమాదము కలదు. పూర్తి వివరములు సిద్ధము కాకున్నను, తాత్కాలిక వివరణతో దరఖాస్తుచేసి, 12 నెలలలో పూర్తిచేయవచ్చును. మన రాష్ట్రపు దరఖాస్తులను చూచు కార్యాలయము చెన్నపట్టణమున కలదు. గుర్తింపుపొందిన విద్యాసంస్థలకు 2021నుండి రుసుములో నూటికి 80 వంతులు తగ్గించిరి.

తల్లిదండ్రులకొక మాట. పిల్లవాడు పాడైన ఫంకానో, మోటారునో విప్పుకొని కూర్చుండినచో, చదువు చెడుచున్నదని చీవాట్లు పెట్టకుడు. ఉపాధ్యాయులకును, పాఠశాలాధికారులకును మా ప్రార్థన యిది: వచ్చు సంవత్సరమునుండి పాఠశాలయందొక రిజిష్టరు పెట్టి, విద్యార్థి తాను చేసిన క్రొత్తపనిని వ్రాయగా, ఉపాధ్యాయుడు తేదీతో సంతకము చేయు నేర్పాటు కావింపవలయును. పేటెంటు దగ్గరకు పోవునవి వానిలో ఒకటి రెండుకూడ నుండకపోవచ్చును. అయినను తన తల్లి, తన తండ్రి దినదినము పడు శ్రమను పరికించి చూచి, దానిని తగ్గించు నుపాయమును వ్రాతలో పెట్టుట బాలబాలికలకు అలవడినచో, ఆ రిజిష్టరునకు పెట్టిన కాగితపు ఖర్చు వృథా కాదు.