ఇల్లలుకుతూ ఆగిన కలం

తెలుగింట పెరిగిన వారికి ఈగ కథ కొత్త కాదు. ఇల్లలుకుతూ ఇల్లలుకుతూ ఒక ఈగ తన పేరు మరచిపోయింది. పేరు చెప్పమని కనిపించిన వారినందరినీ అడిగింది. మనుషులు చెప్పలేకపోయారు. గొడ్డలీ చెట్టూ చెప్పలేకపోయాయి. చివరకు గుర్రం కడుపులోని పిల్ల నవ్వితే, ఆ సకిలింపులో ఈగకు తన పేరు వినిపించింది. ప్రసిద్ధ రచయిత్రి పి. సత్యవతి గారు ఈ జానపద కథను మన కాలపు గృహిణికి అన్వయించి 'ఇల్లలకగానే' అనే కథ వ్రాశారు. అందులోని ఇల్లాలు ఇంటి పనిలో మునిగి తన పేరే మరచిపోతుంది. అందరికీ ఆమె ఎవరో ఒకరి భార్య, ఎవరో ఒకరి తల్లి. చిన్ననాటి స్నేహితురాలు పేరు పెట్టి పిలిచినప్పుడు గాని ఆమెకు తానెవరో గుర్తుకు రాదు.

పిల్లల పెంపకంలో కలం పక్కన పెట్టిన తల్లులు తిరిగి రచనా వ్యాసంగానికి రావడమెలా అన్నది ఈ నెల మన శీర్షికకు విషయం. మన కాలనీలలో ఇటువంటి వారు తక్కువేమీ కాదు. కాలేజీ గోడపత్రికకు కథలు వ్రాసిన వారున్నారు. వారపత్రికలలో ఒకటి రెండు కవితలు అచ్చయిన వారున్నారు. మేమూ ఆ కోవలోని వారమే. ఇంజనీరింగు చదివే రోజులలో మొదలుపెట్టిన కథల నోటుపుస్తకం, పెద్దబ్బాయి పుట్టిన ఏడాది పెట్టెలోకి వెళ్ళింది. చిన్నమ్మాయి హాస్టలులో చేరేవరకు అది బయటకు రాలేదు. మధ్యలో పందొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ కాలంలో మేము వ్రాసినవి పనుల నివేదికలు, టెండరు పత్రాలు, బడి డైరీలో సంతకాలు.

ప్రస్తుతం విధి నిర్వహణలో మేమున్న గొల్లపల్లి దక్షిణ బస్తరులోనిది. ఉమ్మడి బస్తర్ జిల్లాను 1998లో విభజించినప్పుడు ఈ ప్రాంతం దంతెవాడ జిల్లాలోకి, 2012లో సుకుమా జిల్లాలోకి వచ్చింది. తెలంగాణ సరిహద్దు దగ్గరే. ఇక్కడ దోర్లీ, గోండీ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. బడిలో మాత్రం హిందీ. ఇటువంటి చోట తెలుగులో వ్రాయదలచిన తల్లికి కష్టం రెండింతలు. పిల్లల పాఠాలు హిందీలో, ఆఫీసు కాగితాలు ఇంగ్లీషులో సాగిపోతుంటే, తెలుగు కేవలం వంటింటి మాటగా మిగులుతుంది. ఏళ్ళ తరువాత వ్రాయబోతే మాట నాలుక మీదికి వచ్చినంత సులువుగా కాగితం మీదికి రాదు.

అయితే నేటి ఛత్తీస్‌గఢ్ గడ్డ మీద మనకంటే ఎంతో ముందు తెలుగు కలం పట్టిన ఒక మహనీయురాలున్నారు. ఆమె భండారు అచ్చమాంబ గారు. 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్న వయస్సులోనే వివాహమై, భర్త ఉద్యోగరీత్యా నాటి మధ్య పరగణాలకు వెళ్ళారు. బడికి వెళ్ళి చదివినది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకుంటూ ఉంటే, ఆయన తోడుగా తానూ నేర్చుకున్నారు. కన్నబిడ్డలు పసితనంలోనే దూరమైన దుఃఖాన్ని భరిస్తూనే, భారతదేశపు స్త్రీల చరిత్రలను సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాశారు. 1902లో 'హిందూ సుందరి' పత్రికలో వెలువడిన ఆమె కథ 'ధన త్రయోదశి'ని తెలుగులో తొలి కథగా పలువురు విమర్శకులు భావిస్తున్నారు. గురజాడ వారి 'దిద్దుబాటు' వచ్చినది 1910లో. అచ్చమాంబ గారు 1905లో బిలాస్‌పూర్‌లో కన్నుమూశారు. ముప్ఫై ఏళ్ళ జీవితంలో, తెలుగు నేలకు దూరంగా ఉండి, ఆమె చేసిన కృషి అది. తెలుగు వినిపించని చోట ఉన్నామన్న మాట మనకు సాకుగా చెల్లదు.

సమయం సంగతి వేరు. అది నిజమైన ఇబ్బందే. అమెరికా రచయిత్రి టిల్లీ ఓల్సెన్ పంతొమ్మిదేళ్ళ ప్రాయంలో ఒక నవల మొదలుపెట్టారు. నలుగురు కూతుళ్ళను పెంచుతూ, పొట్ట కోసం ఉద్యోగాలు చేస్తూ ఆ నవలను వదిలివేశారు. ఆమె తొలి కథల సంపుటి 1961లో వచ్చింది. ఆ పాత నవల 1974లో, అసంపూర్ణంగానే అచ్చయింది. పనుల వల్ల, పేదరికం వల్ల వ్రాయలేకపోయిన వారి మౌనాన్ని గురించి 1978లో ఒక పుస్తకమే వెలువరించారు. కెనడా రచయిత్రి ఆలిస్ మన్రో పిల్లలు నిద్రపోయే వేళల్లో వ్రాసుకునేవారు. అంత తక్కువ వ్యవధికి నవల ఇమడక కథనే ఎంచుకున్నారు. తొలి సంపుటి 1968లో వచ్చేనాటికి ఆమెకు ముప్ఫై ఏడేళ్ళు. ఆ కథలకే 2013లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చినవారు, మరొకరు ఆగకుండా నెట్టుకువచ్చినవారు. కాని ఇద్దరి విషయంలోనూ ఒకటి గమనించదగినది. పిల్లల పెంపకం వారికి వ్రాతకు అడ్డు వచ్చిన కాలం మాత్రమే కాదు, వ్రాయడానికి సరుకును ఇచ్చిన కాలం కూడా. ఓల్సెన్ ప్రసిద్ధ కథలో ఒక తల్లి బట్టలు ఇస్త్రీ చేస్తూ పెద్ద కూతురిని తానెలా పెంచిందో తలపోస్తుంది. కథంతా అంతే. ఇరవై ఏళ్ళ యువతి వ్రాయగలిగిన కథ కాదది.

కనుక పోయిన ఏళ్ళకు విచారించడం మాని, ఆ ఏళ్ళను నిలవ సరుకుగా లెక్క కట్టుకోవడం మంచిది. మా చిన్నమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు పెట్టె సర్దుతూ ఆ పాత నోటుపుస్తకం తీసింది. హిందీ బడిలో చదివిన పిల్ల. అక్షరాలు కూడబలుక్కుంటూ సగం కథ చదివి, "తరువాత ఏమైందమ్మా?" అని అడిగింది. ఈగకు పేరు చెప్పినది కూడా ఒక పిల్లే కదా! ఇక్కడ మరో సంగతి కూడా ఉన్నది. మన పిల్లలకు తెలుగు లిపి దూరమవుతున్నది. సరిహద్దు కాలనీలలో మనం గడిపిన జీవితం, నాలుగు భాషల నడుమ పిల్లలను సాకిన తీరు ఇప్పుడు మనం వ్రాయకపోతే, రేపు వ్రాయడానికి ఎవరూ ఉండరు. వ్రాసినా మన పిల్లలు చదవాలంటే పక్కన కూర్చుని చదివించాలి. ఆ రెండు పనులకూ ఆలస్యం తగదు.

ఇక ఆచరణ. చాలాకాలం ఆగిన మోటారును మనం ఒక్కసారిగా పూర్తి లోడు మీద పెట్టము. వైండింగులో తేమ చేరి ఉంటుంది. ముందు మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూస్తాము. రీడింగు తక్కువగా ఉంటే మెల్లగా వేడిచేసి ఆరబెడతాము. తరువాత లోడు లేకుండా తిప్పి శబ్దం, వేడి, అదురు గమనిస్తాము. అన్నీ సరిగా ఉంటేనే లోడు ఎక్కిస్తాము. ఆగిన కలానికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. మొదటి రోజే నవల తలపెట్టరాదు. నెల రోజులు చదవడం, నచ్చిన పేజీని చేతితో ఎత్తి వ్రాయడం ఆరబెట్టడం వంటిది. రోజుకు అరపేజీ, ఎవరికీ చూపనవసరం లేనిది వ్రాయడం లోడు లేని పరుగు. పిల్లవాడి జ్వరం, రేషను వరుస, బదిలీ నాటి సామాను మూటలు, ఏదైనా సరే వ్రాయవచ్చు. ఆ తరువాతే కథ.

సొంత మాట వెంటనే పలకని వారికి అనువాదం మరొక దారి. నిడదవోలు మాలతి గారు 1973లో అమెరికా వెళ్ళిన రచయిత్రి. తెలుగు కథలను ఇంగ్లీషులోకి అనువదించి అందించడానికి 2001లో 'తూలిక' అనే అంతర్జాల పత్రికను స్థాపించారు. మనకు పక్కనే హిందీ ఉన్నది. ఒక మంచి హిందీ కథను తెలుగులోకి తెచ్చినా, మరచిన మాటలు ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి.

చివరగా ఇంటిలోని మగవారికి ఒక మనవి. ఆమె వ్రాసుకునే అరగంటలో టీ అడగకండి. వచ్చిన ఫోను మీరే తీయండి. మీరు వ్రాసినది చదవమని ఆమె ఇచ్చినప్పుడు తప్పులు దిద్దడానికి తొందరపడకుండా, చివరిదాకా చదివి, తరువాత ఏమైందని అడగండి. మన పత్రికలో ఒక పేజీకి ఎప్పుడూ చోటుంటుంది. సోదరీమణులు ఎంత చిన్న రచనైనా పంపవచ్చు. పేరు మాత్రం ఫలానా వారి శ్రీమతి అని కాక, తమ సొంత పేరే వ్రాయవలసినదిగా కోరుతున్నాము.